తుపాను కబురు – కడపటి గడప

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి పనిచేసిన దనగా, ఇరువదియైదు వానకాలములు దాని కప్పు కారకుండ, దాని పుస్తకములు చెమ్మగిల్లకుండ ఎవరో కాపాడుకొనుచు వచ్చిరనియే అర్థము. కావున ఈ శుభసమయమున గాలివానలను గూర్చి ముచ్చటించుట అసందర్భము కానేరదు. ఈ ఉపన్యాసమున చెప్పవలసిన సంగతి యొక్కటే. గాలిని ఆపు శక్తి మానవునకు లేదు. గాలివలన కలుగు మరణమును ఆపు శక్తి మాత్రము చాలవరకు కలదు. ఆ శక్తిలో సగము యంత్రములయందును, తక్కిన సగము ఊరియందును ఉన్నది.

భారతదేశము విశాలమైనది. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క విధమైన గాలివాన కలదు. ఎండకాలమున ఛోటానాగపురపు పీఠభూమిమీద వేడెక్కిన గాలి పైకి లేచి, బంగాళాఖాతమునుండి వచ్చు తేమతో కలియును. అంతట సాయంవేళ వాయవ్యమున నల్లని మేఘము క్రమ్మి, గంటసేపటిలో చెట్లను కూల్చి, పూరిండ్లను ఎగురగొట్టి పోవును. దీనిని వంగీయులు కాలవైశాఖి యందురు. తేమ తక్కువగానుండు రాజస్థానము, ఉత్తరప్రదేశములలో అట్టి గాలియే ధూళితుపానుగా వీచును. 2018 మే నెల 2వ తేది రాత్రి అట్టి ధూళితుపానులకు 100 మందికి పైగా బలియైరి. వారిలో అనేకులు నిద్రలోనుండగనే గోడలు మీదపడి మరణించినవారు. 1888 ఏప్రిల్ 30వ తేదిని మొరాదాబాదు ప్రాంతమున కురిసిన వడగండ్లవాన 246 మందిని పొట్టనపెట్టుకొనెను. ఎడారివలె పొడిగానుండు లదాఖునందలి లేహ్ పట్టణముపై 2010 ఆగస్టులో ఒకరాత్రి విరుచుకొనిపడిన వాన బురదప్రవాహమై ఇండ్లను పూడ్చివేసెను. 2005 జూలై 26వ తేదిన బొంబాయి శాంతాక్రజ్ కేంద్రమున ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఇక పిడుగుపాటు సంగతి. దానికి సీమాభేదము లేదు. పొలములో నాట్లు వేయుచున్నవారును, చెట్టుక్రింద తలదాచుకొన్న గొఱ్ఱెల కాపరులును ఏటేట దేశమున రెండువేలకు పైబడి దానివాత పడుచున్నారు.

ఈ ఉత్పాతములు మానవునకు ఇచ్చు వ్యవధి మిక్కిలి స్వల్పము. కాలవైశాఖి గంటలలో పుట్టి గంటలలో అణగును. పిడుగు నిమిషములలో పడును. తుపాను అట్లు కాదు. అది సముద్రముమీద దినములకొలది పెరుగును. ఎల్లరు చూచుచుండగనే తీరమువైపు నడచి వచ్చును. గాలివానలలో ఇంత ముందుగా కబురు పంపి వచ్చునది వేరొకటి లేదు. అయినను వానిలో ఎక్కువమందిని చంపినది అదియే. ఇది ఆలోచింపదగిన వింత.

ఈ వింత బోధపడుటకు తుపాను స్వభావము కొంత తెలియవలెను. ఆంగ్లమున తుపానుకు వాడు 'సైక్లోన్' అను మాటను కల్పించినవాడు కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. 1848లో నావికులకై ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ మాటను వాడెను. పాము చుట్టచుట్టుకొన్నట్లు గాలి తిరుగుచుండునని దాని భావము. 1789 డిసెంబరులో గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవును ముంచిన ఉప్పెనను గూర్చియు ఆయన వ్రాసెను. ఒకప్పుడు ఓడలు కట్టుటకు పేరుపొందిన ఆ రేవు 1839 నవంబరులో మరల దెబ్బతినెను. తుపానుల శాస్త్రమునకును తెలుగుతీరమునకును గల సంబంధము అంత పాతది.

సముద్రజలము పైభాగమున సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కియుండవలెను. ఆ నీరు ఆవిరియై పైకి లేచి మేఘమైనపుడు, తనలో దాచుకొన్న వేడిని విడిచిపెట్టును. ఆ వేడికి గాలి ఇంకను పైకి లేచును; క్రింద పీడనము తగ్గును; ఆ వెలితిని నింపుటకు నలుదెసలనుండి గాలి పరుగెత్తివచ్చును. భూమి తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా పోజాలక ప్రక్కకు మరలి సుడి తిరుగును. భూమధ్యరేఖకు ఉత్తరమున ఆ సుడి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. బంగాళాఖాతమున వైశాఖ జ్యేష్ఠములును, మరల ఆశ్వయుజ కార్తిక మార్గశిరములును తుపానులకు అనుకూల కాలములు.

సుడి నడుమ 'కన్ను' అని పిలువబడు ప్రశాంతస్థలము ఉండును. ఊరిమీదుగా ఆ కన్ను పోవునపుడు గాలి హఠాత్తుగా ఆగును. నక్షత్రములు సైతము కనబడవచ్చును. గండము గడచినదని జనులు బయటకు వచ్చి కూలిన కప్పును, కట్టు తెంచుకొన్న పశువును వెదకుకొందురు. అంతలో ఎదురుదిక్కునుండి అంత బలముగానే గాలి మరల విరుచుకొనిపడును. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచే పోయిన ప్రాణములు అనేకములు.

గాలి దిక్కును బట్టియు కొంత గ్రహింపవచ్చును. తూర్పుతీరమున తుపాను పడమరగా వచ్చుచుండగా, ఈశాన్యపు గాలి క్రమముగా తూర్పునకును, ఆపైన ఆగ్నేయమునకును మారినచో, తుపాను నడిమిభాగము ఊరికి దక్షిణముగా పోవుచున్నదని తెలియవలెను. అది అపాయకరమైన ప్రక్క. ఏలయనగా అచట గాలి సముద్రమును నేలమీదికి తోయుచుండును. గాలి వాయవ్యమునకు, పడమరకు మారినచో, తుపాను ఉత్తరముగా పోవుచున్నదని గుర్తు. అచట గాలి సముద్రమును వెనుకకు నెట్టును.

తుపానుకు ఆయుధములు మూడు: గాలి, వాన, ఉప్పెన. గాలి ఇండ్లను కూల్చును. వాన ఏరులను పొంగించును. ఉప్పెన ఊళ్ళను తుడిచివేయును. లోతులేని తీరముమీదికి గాలి నీటిని తోసికొనివచ్చునపుడు, ఆ నీటికి అడుగున పోవుటకు త్రోవ లేక ఎత్తుగా లేచి భూమిమీద పడును. ఒక ఘనమీటరు సముద్రజలము వేయి కిలోగ్రాములకు మించిన బరువు గలది. అట్టి బరువు పరుగుతో వచ్చి తాకినపుడు మట్టిగోడ యనక, ఇటుకగోడ యనక కూలవలసినదే. గాలికి భయపడి ఇంటిలో దాగుకొనుట సహజము; కాని ఉప్పెన వచ్చు చోట ఆ యిల్లే బోనగును. కావుననే తీరవాసులకు చెప్పవలసినది 'తలుపు మూసికొనుడు' అని కాదు, 'లేచి రండు' అని.

1864వ సంవత్సరము ఇందుకు పెద్ద సాక్ష్యము. ఆ యేట అక్టోబరు 5వ తేదిన కలకత్తా ప్రాంతమును తుపాను ముంచెను, పదులవేలమంది గతించిరి. నెలయైనను గడువక పూర్వమే, నవంబరు 1వ తేది రాత్రి, మచిలీపట్టణమును ఉప్పెన ముంచెను. అచటను చుట్టుపట్లను సుమారు 30,000 మంది పోయిరని లెక్క. ముందుగా చెప్పువారు లేరు. చెప్పుటకు సాధనమును లేదు. ఆ దుఃఖమునుండియే ఒక మేలు పుట్టినది. 1865లో కలకత్తా రేవున తుపాను హెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ వెలసెను.

శాఖ వెలసిన నూటరెండేండ్లకు దివిసీమ ఉప్పెన వచ్చినది. 1977 నవంబరు 19వ తేది, శనివారము. వరి పండియున్న కాలము. కృష్ణానది పాయల నడుమనున్న ఆ పల్లపు నేలమీదికి అయిదుమీటర్ల యెత్తు కెరటము వచ్చి, మైళ్ళకొలది లోపలికి పారెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రపుటంచున నున్న పల్లెలు ఆనవాలు లేకుండ పోయినవి. మృతులు సుమారు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకంటె ఎక్కువ యని పలువురి నమ్మకము. పశువుల కళేబరములును, మనుష్యుల కళేబరములును కలిసి ముండ్లకంపలకు చిక్కుకొనియుండగా చూచినవారు ఆ దృశ్యమును జీవితాంతము మరువలేదు.

ఆనాడు తుపాను రాక తెలియదా? తెలియును. 1970లోనే విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడినది. వాతావరణ శాఖ హెచ్చరించినది, ఆకాశవాణి చదివినది. కాని హెచ్చరిక వెలువడుట వేరు, చేరుట వేరు. ఉప్పెన ఎంత ఎత్తున వచ్చునో, ఎవరు ఏ దారిని ఏ మెరకకు పోవలెనో చెప్పి ప్రతిగడపను లేపు యేర్పాటు లేదు. పోయినను నిలుచుటకు గట్టి మేడలు లేవు. కబురు ఆకాశమున నిలిచిపోయినది. నీరు నేలమీద నడచివచ్చినది.

పదమూడేండ్లు గడచినవి. 1990 మే 9వ తేదిన అదే కృష్ణా ముఖద్వారమున, తీవ్రతలో మునుపటిదానికి తీసిపోని తుపాను తీరము దాటెను. ఆలోపున తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచియుండెను. ఉపగ్రహమునుండి చిత్రములు అందుచుండెను. అధికారులు ముందుగనే లక్షలమందిని తరలించిరి. ఆస్తినష్టము అపారము, కాని మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. సముద్రము మారలేదు, గాలి మారలేదు, మారినది ఊరికి చేరిన కబురు.

ఒడిస్సా రాష్ట్రము ఈ పాఠమును ఇంకను కష్టముగా నేర్చినది. 1999 అక్టోబరు 29న పారాదీప్ సమీపమున గంటకు 260 కిలోమీటర్ల గాలితో తాకిన మహాతుపాను సుమారు 10,000 మందిని హరించెను. ఆ తరువాత ఆ రాష్ట్రము విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పరచెను, ఆశ్రయములు కట్టెను, పల్లెపల్లెను యువకులకు శిక్షణ నిచ్చెను. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద ఫైలిన్ తుపాను తీరము తాకునప్పటికి సుమారు పదిలక్షల మంది తమ యిండ్లు విడిచి సురక్షితస్థలములు చేరియుండిరి. నాటి మృతుల సంఖ్య పదులలో లెక్కింపదగినది. పదివేలెక్కడ, పదులెక్కడ! మానవ ప్రయత్నమునకు ఇంతకుమించిన ఫలము చూపుట కష్టము.

అయినను గర్వింప వీలులేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా పోయిరి. వారిలో సముద్రముపైనున్న జాలరులు అనేకులు. 2017 నవంబరు చివర కన్యాకుమారి సమీపమున ఓఖీ తుపాను ఒక్కదినమునకు లోపుగనే బలిసెను. అంతకుముందే దూరపు వేటకు పోయిన తమిళ, కేరళ జాలరులకు కబురు చేర్చు సాధనము లేకపోయెను. వందలమంది మరలి రాలేదు. సముద్రముల ఉష్ణము పెరుగుచున్నకొలది బలిష్ఠమైన తుపానుల పాలు పెరుగుననియు, అవి త్వరగా బలియుట అధికమగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా మునుపటి వ్యవధి ఇకముందు లభింపకపోవచ్చును.

ప్రాణము దక్కినను బ్రతుకు దెబ్బతినును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు పచ్చదనమును ఊడ్చివేసెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరితోటలను, జీడితోటలను పడవైచెను. వరి పోయిన రైతు మరుసటి యేట నాటుకొనును. కొబ్బరి పోయిన రైతు మరల కాయ కోయుటకు ఏండ్లు వేచియుండవలెను. తీరమును కాచుటకు ప్రకృతి పెట్టిన కోటలు మడ అడవులు. 1999 తుపానులో ఒడిస్సాయందు దట్టమైన మడ అడవి అడ్డుగానున్న పల్లెలలో మరణములు తక్కువగానుండినట్లు పరిశోధకులు తేల్చిరి. కోరంగి మడ అడవిని గొడ్డలికి ఒప్పగించుట కోటగోడను కూలద్రోసికొనుటయే.

ఇక చిక్కంతయు చివరి మెట్టున ఉన్నది. కబురు అందినను కదలనివారు కలరు. వారిని మూర్ఖులనుట న్యాయము కాదు. గేదెను విడిచి పోజాలని ముసలమ్మ, ఇల్లు విడిచిన దొంగలు పడుదురని వెరచు గృహస్థు, పోయినసారి రమ్మన్నారు గాని ఏమియు కాలేదని విసిగిన యువకుడు – వీరందరి మాటలోను కొంత నిజము కలదు. తుపాను త్రోవ మార్చుకొనును. కావున హెచ్చరించిన ప్రతియూరికిని అది రాదు. రానిచో హెచ్చరిక అబద్ధము కాదు. ఆ యూరికి దక్కిన అదృష్టము. తొమ్మిదిమార్లు వృథాగా లేచి పోయినవాని నష్టము తొమ్మిది రాత్రుల నిద్ర. పదియవమారు లేవనివాని నష్టమునకు లెక్కలేదు. ఈ సంగతి అధికారి చెప్పిన చెవికెక్కకపోవచ్చును. ఇరుగుపొరుగు చెప్పిన ఎక్కును.

ఇచటనే గ్రామ గ్రంథాలయమునకు పని కలదు. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము ఒకనాడు కాలువలమీద పడవలలో పుస్తకములు పంపి, చదువరి గడపకే చదువును చేర్చినది. గడపకు పుస్తకము చేర్చినవారికి గడపకు కబురు చేర్చుట కష్టము కాదు.

గ్రంథాలయపు గోడమీద ఒక నల్లబల్ల చాలును. తుపాను దినములలో వాతావరణ శాఖ ప్రకటనను తేదీతోను, గంటతోను దానిమీద వ్రాయవలెను. వ్రాయుటతో ఆగక చదువురానివారికి చదివి వినిపింపవలెను. మొదట మెలకువగా నుండుమను సూచన, పిదప రెండుదినముల ముందు జాగ్రత్త ప్రకటన, ఒకదినము ముందు హెచ్చరిక – వీని భేదము ఊరందరికి తెలిసియుండవలెను. పసుపు, నారింజ, ఎరుపు వన్నెలలో ఎరుపు దేనికి గుర్తో పిల్లలకు సైతము నేర్పవలెను. చేతిఫోనులలో పుట్టుకొనివచ్చు పుకార్లను బల్లమీదికి ఎక్కనీయరాదు. పిడుగుల విషయమున హెచ్చరించు 'దామిని' వంటి సాధనమును పొలమునకు పోవు ప్రతియువకునకు చూపవలెను. మెరుపునకును ఉరుమునకును నడుమ ముప్పదిలోపు అంకెలు లెక్కించుటకే వ్యవధియున్నచో చెట్టునీడను విడిచి ఇల్లు చేరవలెను.

వేరొక పుస్తకము కూడ గ్రంథాలయమున నుండవలెను. అది అంగడిలో దొరకదు. ఊరిలో నడువలేని వృద్ధులెవరు, నెలలు నిండిన గర్భిణులెవరు, చూపులేని వారెవరు, ఒంటరిగా నుండువారెవరు, ఎవరిని ఎవరు చేయిపట్టి తీసికొనిపోవలెను – ఇవి వ్రాసిన పుస్తకమది. ప్రతి యేట భాద్రపదమున దానిని తిరుగవ్రాయవలెను. దాని చివర ఊరి పెద్దల జ్ఞాపకములకు కొన్ని పుటలు విడువవలెను. ఏయేట నీరు ఏ గుడి మెట్టువరకు వచ్చినదో, ఏ గట్టు తెగినదో, ఏ దిబ్బ మునుగలేదో వారు చెప్పగా వ్రాసికొనవలెను. పెద్దలు పోయినచో ఆ విద్య వారితోనే పోవును. వాతావరణ శాఖకు సముద్రము తెలియును. ఊరి పల్లము ఊరికే తెలియును.

పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథ తెలుగుకథకు ప్రపంచపోటీలో బహుమానము తెచ్చినది. ఆ కథ చదివిన పాఠకులు ఈ గ్రంథాలయములలో ఎందరో కలరు. గాలివానను కథగా చదువుకొను భాగ్యము, దానినుండి బ్రతికి బయటపడిన వారికే కలుగును.

రానున్న ఇరువదియైదు సంవత్సరములలో గాలివానలు రాకమానవు. ఏ తుపానుకు ఏ పేరు పెట్టుదురో, అది ఏ రేవున తీరము దాటునో ఎవరును చెప్పలేరు. చెప్పగలిగినది ఒకటి కలదు. ఆ రాత్రి ఊరిచివర పాకలోని ముసలమ్మ తలుపు తట్టుటకు ఒకరు పోవలెను. ఆ పోవువాని పేరు ఇప్పుడే, వాన లేని ఈ దినముననే, గ్రంథాలయపు పుస్తకమున వ్రాయబడియుండవలెను. ఆ పుట నిండిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక. ఊరు క్షేమముగా నుండుగాక.